పాత క్షౌరపు కత్తి, దాని పిడి

మన ఇండ్లలో పాత భోషాణమో, ఇనుపపెట్టెయో తెరచినప్పుడు బయటపడే వస్తువులలో మడతపిడి గల క్షౌరపు కత్తి ఒకటి. తాతగారి కళ్ళజోడు, ముల్లు నిలిచిపోయిన జేబుగడియారము, మూత పోయిన సిరాబుడ్డి, వీటి సరసన ఒక అట్టడబ్బాలోనో, నూనెగుడ్డలోనో అది చుట్టి ఉంటుంది. వాడుకలో దానికి మంగలికత్తి అని పేరు. అయినా క్షౌరవృత్తివారే గాక, స్వయముగా గడ్డము గీసుకొనే అలవాటు గల ఉద్యోగస్థులు, సైన్యములో పనిచేసి వచ్చినవారు కూడ దానిని సొంతానికి ఉంచుకొనేవారు.

కత్తి దొరికిన వెంటనే చూచేవారి దృష్టి అలుగు మీదికి పోతుంది. తుప్పు ఎంత పట్టినది, వాదర ఎక్కడైన విరిగినదా, నూరితే తిరిగి తెగుతుందా అని ఆలోచిస్తారు. పిడిని ఎవరూ అంతగా పట్టించుకోరు. అలుగును దాచుకొనే ఒర వంటిది అనుకొంటారు. కాని పాత కత్తులను బాగుచేసే పనిలో చేయి పెట్టినవారిని అడిగితే వేరొక మాట చెబుతారు. తుప్పు వదలించవచ్చును, పదును తేవచ్చును. పిడి విరిగితే మాత్రము ఆ నష్టము చాల సందర్భాలలో తీరేది కాదు. పైగా నూరు సంవత్సరాలు పెట్టెలో పడి ఉండి కూడ విరగని పిడి, బాగుచేయబూనినవాని చేతిలో విరుగుతుంది. ఎందువల్ల అట్లా జరుగుతుంది, దానిని ఎట్లా తప్పించుకోవచ్చును అన్నదే ఈ ప్రసంగ విషయము.

ఇంత శ్రమకు ఆ వస్తువు తగునా అని కొందరికి సందేహము కలుగవచ్చును. అందుచేత ముందుగా ఆ ఉక్కును గురించి రెండు మాటలు చెప్పవలెను. క్షౌరపు కత్తి చరిత్రలో మన తెలుగుదేశానికి కూడ కొంత భాగమున్నది. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఒకప్పుడు ఉక్కుకు పేరుపొందిన గ్రామము. అక్కడి కమ్మరులు ఇనుమును మట్టిమూసలలో బొగ్గుతో కరగించి ఉక్కు ముద్దలు తీసేవారు. ఆ గ్రామాన్ని చూచిన వాయిసీ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు, ఆ ఉక్కును కొనడానికి పారశీక దేశములోని ఇస్ఫహాన్ నగరము నుండి వచ్చిన వర్తకుని గురించి వ్రాసినాడు. ఆ ఉక్కునే ఐరోపావారు ‘వూట్జ్’ అన్నారు. మన దక్షిణాది భాషలలోని ‘ఉక్కు’ అనే మాటయే నోరు తిరుగక అట్లా మారినదని పండితులలో పలువురి అభిప్రాయము.

ఆ వూట్జ్ ముక్కలు బొంబాయి నుండి లండను చేరగా, జార్జి పియర్సన్ అనే వైద్యుడు వాటిని పరీక్షించి 1795లో రాయల్ సొసైటీవారికి ఒక వ్యాసము సమర్పించినాడు. లండనులో శస్త్రచికిత్స పనిముట్లు, క్షౌరపు కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ ఈ భారతీయపు ఉక్కును ఐరోపాలోని ఉత్తమమైన ఉక్కుకంటె మిన్నగా ఎంచి, ఆ సంగతి తన అంగడి చీటీ మీద అచ్చువేయించుకొన్నాడు. విద్యుచ్ఛాస్త్రములో ప్రసిద్ధుడైన మైకేల్ ఫారడే ఈ స్టోడార్టుతో కలిసి ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలు చేసి 1820లోను, 1822లోను ఫలితాలను ప్రకటించినాడు. తాను తయారుచేసిన ఉక్కుతో క్షౌరపు కత్తులు చేయించి మిత్రులకు బహుమానముగా ఇచ్చినాడు. శాస్త్రజ్ఞుడు తన ఉక్కు మంచిచెడ్డలను చూపడానికి క్షౌరపు కత్తినే ఎన్నుకోవడములో ఔచిత్యమున్నది. చెక్కకోసే కత్తిలో దాగే లోపము చెంప మీద దాగదు గదా!

ఇంగ్లండులో ఈ పరిశ్రమకు పుట్టినిల్లు షెఫీల్డు పట్టణము. అక్కడి కత్తిపనివారి సంఘము 1624లోనే చట్టబద్ధముగా ఏర్పడినది. 1740 ప్రాంతములో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు, గడియారపు స్ప్రింగులకు మంచి ఉక్కు కావలెనని ప్రయత్నిస్తూ, మూసలో ఉక్కును పూర్తిగా కరగించే పద్ధతిని సాధించినాడు. క్షౌరపు కత్తికి కావలసిన సమజాతీయమైన ఉక్కు దానితో సమృద్ధిగా లభించినది. స్వీడను నుండి వచ్చిన ఇనుము ఆ మూసలలో కరిగి షెఫీల్డు ఉక్కయినది. తరువాత జర్మనీలోని సోలింగెన్, ఫ్రాన్సులోని తియేర్, స్వీడనులోని ఎస్కిల్‌స్టూనా కూడ ఈ పనిలో పేరు సంపాదించినవి. 19వ శతాబ్ది ఉత్తరార్ధములో సోలింగెన్ పనివారు అలుగు రెండు ప్రక్కలను లోతుగా సానపట్టి, కాగితము వలె పలుచన చేసే పద్ధతిని పరిపూర్ణము చేసినారు.

ఇక పిడి సంగతి. ఆ షెఫీల్డు కత్తుల పిడులకు భారతదేశము నుండి ఎగుమతియైన గేదెకొమ్ము విస్తారముగా వాడేవారు. కాబట్టి తాతగారి పెట్టెలోని విలాయతీ కత్తిని చేతిలోకి తీసుకొన్నప్పుడు, స్వీడను ఇనుము, ఇంగ్లండు కొలిమి, మన పొలములో దుక్కిదున్నిన పశువు కొమ్ము ఒకచోట కూడినవని భావించడములో అతిశయోక్తి లేదు. అలుగును మాత్రమే గౌరవించి పిడిని తీసి పారవేయడము సగము చరిత్రను పారవేయడమే అవుతుంది.

ఈ కత్తులు మూలపడడానికి కారణము అందరికీ తెలిసినదే. అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ పలుచని బ్లేడును మార్చుకొనే సాధనమును 1903లో అమ్మకానికి పెట్టినాడు. ఆ మొదటి సంవత్సరము అమ్ముడుపోయినవి 51 సాధనాలు, 168 బ్లేడులు మాత్రమే. మరుసటి సంవత్సరానికి సాధనాల సంఖ్య 90 వేలు దాటినది. మొదటి ప్రపంచయుద్ధ కాలములో అమెరికా సైనికుల చేతికి అది చేరిన తరువాత పాత కత్తి గృహస్థుల ఇండ్లలో వెనుకబడినది. మన క్షౌరశాలలలో అది మరికొన్ని దశాబ్దాలు నిలిచినది. 1990 తరువాత ఎయిడ్స్ వ్యాధిని గురించిన హెచ్చరికలు వ్యాపించడముతో అక్కడ కూడ ఒక్కసారి వాడి పారవేసే బ్లేడు దాని స్థానమును ఆక్రమించినది. సోలింగెన్‌లోను, తియేర్‌లోను కొద్ది కార్ఖానాలు నేటికీ పాతరకము కత్తులు చేస్తున్నవి. వాటితోబాటు, పాతసామానుల సంతలలో పాత కత్తులు కొని, శుభ్రపరచి, తిరిగి వాడుకలోనికి తెచ్చే వ్యాసంగము పలుదేశాలలో పెరిగినది.

ఆ పని ఎట్లా సాగుతుందో చూద్దాము. మొదట తుప్పు. పైపైన ఎర్రగా పేరుకొన్న తుప్పు నూనెతోను, సన్నని ఉప్పుకాగితముతోను పోతుంది. లోపలికి దిగి గుంటలు చేసిన నల్లని తుప్పు అట్లా పోదు. గుంట అడుగు కనబడేవరకు చుట్టూ ఉన్న మంచి ఉక్కును కూడ అరగదీయవలసి వస్తుంది. గుంటలు వెన్ను దగ్గర ఉంటే వదలివేయవచ్చును. వాటివల్ల క్షౌరానికి హాని లేదు. వాదర దగ్గర ఉంటే నూరినకొద్దీ అంచు చిన్నచిన్న ముక్కలుగా రాలిపోతూనే ఉంటుంది. అటువంటి కత్తిని చూపుకు దాచుకోవడమే మంచిది.

అలుగు విషయములో మరి రెండు జాగ్రత్తలున్నవి. యంత్రపు చక్రము మీద మెరుగుపెట్టేటప్పుడు పలుచని ఉక్కు క్షణములో వేడెక్కుతుంది. సుమారు 220 డిగ్రీల వద్ద ఉక్కు ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. 300 డిగ్రీల దరిదాపులలో నీలివర్ణము వస్తుంది. నీలము కనబడినదంటే అక్కడ కాఠిన్యము పోయినదన్నమాటే. ఆ కత్తి మరి పదును నిలుపుకోదు. రెండవది, ఈ కత్తిని సానరాతి మీద వెన్ను, వాదర రెండును ఆనేటట్లు పరచి నూరుతారు. ఆ రెంటి మధ్య ఏర్పడే కోణము సుమారు 16 మొదలు 18 డిగ్రీలు. కోణమును నిర్ణయించేది వెన్ను మందమే. అందముకోసము వెన్నును అరగదీసినవాడు తెలియకుండానే కోణమును చెడగొడతాడు. మెరుగు ఎక్కువై తయారీదారుని ముద్ర, బంగారుపూత అక్షరాలు మాయమైన కత్తులు కూడ అనేకము.

అయినా ఇవన్నీ కనిపించే ప్రమాదాలు. పనివాడు క్రమక్రమముగా నేర్చుకొని తప్పించుకోగలుగుతాడు. పిడి విషయము అటువంటిది కాదు.

పిడి నిర్మాణము చూడడానికి సులభముగా ఉంటుంది. రెండు పలుచని పలకలు; ఒక కొసన అలుగు తిరగడానికి ఇరుసు వంటి ఒక సీల; రెండవ కొసన పలకలను కలిపే మరొక సీల; కొన్నిటికి నడుమ మూడవది. ఈ సీలలు సాధారణముగా ఇత్తడివో, జర్మన్ సిల్వరువో. మందము సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. సీల కొసలకు చిన్న బిళ్ళలు తొడిగి, దాగలి మీద ఆనించి, చిన్న సుత్తితో నెమ్మదిగా కొట్టి తలను గుండ్రముగా పరుస్తారు. రెండవ కొసన పలకల మధ్య ఒక చిన్న ముక్క ఉంటుంది. ఆ ముక్కను ఒకవైపు మందముగాను, మరొకవైపు పలుచగాను చెక్కుతారు. దానివల్ల పలకలు విల్లువలె కొద్దిగా వంగి, అలుగును మృదువుగా నొక్కి పట్టుకొంటాయి. మూసిన కత్తి తనంతట తెరుచుకొనకుండుటకు, తెరచిన కత్తి వదులుగా ఊగకుండుటకు ఈ బిగువే కారణము.

ఇక్కడ గమనించవలసిన విషయమొకటి ఉన్నది. ఈ అమరికలో మర లేదు. విప్పి బిగించే ఏర్పాటు లేదు. సీలతలను ఒకసారి పరచిన తరువాత అది విప్పుటకు ఉద్దేశింపబడినది కాదు. చేసినవాడు ఒక జీవితకాలానికని బిగించినాడు. దానిని మనము నూరు సంవత్సరాల తరువాత విప్పదలచినప్పుడు, అతడు తలపెట్టని పనిని ఆ వస్తువుచేత చేయిస్తున్నాము. పిడులు విరగడానికి మూలము ఇదే. మిగిలిన కారణాలన్నీ దీని శాఖలు.

మొదటి శాఖ సీలను తీసే సమయములో కనబడుతుంది. సీలతలను ఆకురాతితో అరగదీసిన తరువాత, సన్నని ఉక్కుకడ్డీతో తట్టితే సీల జారి వస్తుందని తోస్తుంది. కాని తల పరచినప్పుడు సీల నడుము కూడ కొంత ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు రంధ్రములో ఇరుకుకొని ఉంటుంది. దానికి తోడు సంవత్సరాల తరబడి ఇత్తడికి పట్టిన చిలుము దానిని పలకకు అంటించి ఉంచుతుంది. వెలుపలినుండి కొట్టిన దెబ్బ సీలను కదల్చక, రంధ్రపు అంచును చీల్చుతుంది. రంధ్రానికి, పలక అంచుకు మధ్య ఉన్న దూరము రెండుమూడు మిల్లీమీటర్లే కనుక చీలిక ఆగడానికి చోటుండదు.

రెండవది కొమ్ము స్వభావము. కొమ్ము మన గోళ్ళ వంటి పదార్థమే. పొరలు పొరలుగా పెరిగినది. వేడినీటిలో మెత్తబడి వంగుతుంది, ఎండితే కుదించుకొంటుంది. పాత పెట్టెలో ఏళ్ళ తరబడి ఎండిన కొమ్ము పలకలో పొరలు లోలోపల విడిపోయి ఉండవచ్చును. పురుగులు తొలిచి ఉండవచ్చును. పైకి నల్లగా నిగనిగలాడుతూ దృఢముగా కనబడుతుంది. వ్రేలితో కొంచెము వంచగానే పుటుక్కుమంటుంది. దాని నార పొడవునా పోతుంది కాబట్టి చీలిక కూడ పొడవునా పోతుంది. బిగువు కుదిరేటట్లు పలకను ఒక ప్రక్కకు వంచబోయి దానిని రెండు చేసినవారి కథలు ఈ వ్యాసంగములో కొల్లలు.

మూడవది తిరిగి బిగించే సమయము. ఇది మిక్కిలి చిరాకు కలిగించేది. పని వరుసను ఒకసారి చూడండి. తుప్పు తీయడము, మెరుగుపెట్టడము, పిడిని శుభ్రపరచడము, రంధ్రాలు సరిచూడడము, ఇవన్నీ జరిగిన తరువాత చిట్టచివర వచ్చేది సీల తలను కొట్టడము. ఇరవై సాయంత్రాల పని పూర్తియైనది, చేతికి ధైర్యము వచ్చినది, ఓపిక తరిగినది, కత్తిని నిండుగా చూడవలెననే తొందర పెరిగినది. సరిగ్గా అప్పుడే అన్నింటికంటె సున్నితమైన పని చేయవలసి వస్తుంది. సుత్తి వెంట్రుకవాసి ప్రక్కకు జారితే దెబ్బ కొమ్ము మీద పడుతుంది. దెబ్బ సరిగా పడినా, ఇరుసు ఇంకా వదులుగా ఉన్నదని మరొక్కసారి కొట్టితే, సీల రంధ్రములో ఉబ్బి పలకను లోపలినుండి చీల్చుతుంది. ఆ చిన్న శబ్దము విన్నవారెవ్వరూ దానిని మరచిపోరు. అది దురదృష్టమని వారు అనుకొంటారు. పని వరుసలోనే ఆ ప్రమాదము చివరకు చేర్చబడి ఉన్నది.

విరగకపోయినా వంకర పోవచ్చును. రంధ్రాలు రెండు పలకలలో ఒకదాని కెదురుగా మరొకటి లేకపోయినా, నడిమి ముక్కను సమముగా చెక్కకపోయినా, మూసినప్పుడు అలుగు నడిమధ్య దిగక ఒక ప్రక్కకు పోయి పలకను తాకుతుంది. లోతుగా సానపట్టిన వాదర అంతటి పలుచనిది ఆ ఒక్క తాకిడికే పెచ్చు లేస్తుంది. పది గంటలు నూరి తెచ్చిన పదును పిడి వంకరవల్ల ఒక్క క్షణములో పోతుంది. పిడి అలుగుకు అలంకారము కాదని ఇంతకంటె స్పష్టముగా చెప్పే నిదర్శనము అక్కరలేదు.

ఇంతవరకు పిడిని విప్పకపోవడమే మేలని తోచే కారణాలు చెప్పినాను. విప్పక తప్పని సందర్భము కూడ ఒకటి ఉన్నది. అది సెల్యులాయిడ్ పిడి. 1870లో అమెరికాలో జాన్ వెస్లీ హయట్ పేటెంటు పొందిన ఈ పదార్థము, నత్రికామ్లముతో సంస్కరించిన దూదిలో కర్పూరము కలిపి చేసినది. దంతము, తాబేటిచిప్ప, కొమ్ము, వీటన్నింటి రూపును చౌకగా అనుకరించగలిగినందున 19వ శతాబ్ది చివరినుండి వేలకొలది కత్తులకు దీనినే పిడిగా వేసినారు. కాలము గడచినకొద్దీ అందులోని కర్పూరము ఆవిరియై, పలక కుదించుకొని పెళుసవుతుంది. అంతకంటె చెడ్డ సంగతి, ఆ పదార్థము విచ్ఛిన్నమైనప్పుడు నత్రజని ఆమ్లవాయువులు వెలువడుతాయి. గాలిలోని చెమ్మతో కలిసి అవి ఆమ్లమవుతాయి. ఆ ఆమ్లము పిడిని మరింత వేగముగా చెడగొడుతుంది. ప్రక్కనే మూసి ఉన్న అలుగును తింటుంది.

ఒక కత్తిలో అలుగు అంతా శుభ్రముగా ఉండి, పిడిలోపల మూసి ఉండే భాగము మాత్రమే ఎర్రబారి గుంటలు పడి ఉంటే, పిడి సెల్యులాయిడేమో అని అనుమానించవలెను. పలక మీద సన్నని జాలువంటి బీటలు, ఘాటైన వాసన, పసుపువన్నెకు తిరిగిన అంచులు ఇతర లక్షణాలు. అటువంటి కత్తిని మంచి కత్తులతో ఒకే పెట్టెలో ఉంచరాదు. ఆ వాయువు పొరుగు కత్తులకు కూడ సోకుతుంది. పిడిని తీసివేయడమే అలుగుకు రక్ష. ఈ పదార్థము అతిసులభముగా అంటుకొంటుంది కూడ. పూర్వపు చలనచిత్రాల నైట్రేటు ఫిలిము దీనికి సమీపబంధువు. 2003 జనవరిలో పుణేలో అటువంటి ఫిలిములను నిలువచేసిన గిడ్డంగి కాలి, మన తొలినాటి చిత్రాల ప్రతులెన్నో బూడిదయినవి. కనుక సెల్యులాయిడ్ పిడి దగ్గర నిప్పు, వేడి బర్మా, అగరువత్తి ఏదీ పనికిరాదు.

దంతము, తాబేటిచిప్ప పిడుల మాట వేరు. విశాఖపట్టణపు పనివారు 18, 19వ శతాబ్దులలో దంతము, తాబేటిచిప్ప, గేదెకొమ్ము, ఏదుముళ్ళతో చేసిన పెట్టెలు విదేశాల ప్రదర్శనశాలలలో నేటికీ ఉన్నవి. ఆ పదార్థాలతో పనిచేయడము మనవారికి ఎంత బాగా తెలుసునో అవి చాటుతున్నవి. కాని ఇప్పుడు విరిగిన దంతపు పలకకు మారుగా క్రొత్తదంతము తేవడము సాధ్యము కాదు. తేవడము తగదు కూడ. మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఉన్నది. 1975లో అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక క్రింద ఏనుగుదంతపు అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధిస్తూ 1989లో తీర్మానము జరిగినది. ఏనుగుల ప్రాణాలకోసము అది అవసరమే. పాత దంతపు పిడిని చేతపట్టినవాడు మాత్రము ఒక సంగతి గుర్తుంచుకోవలెను: ఆ పిడి విరిగితే దానికి జత దొరకదు.

మరి ఏమి చేయవలెను? మొదటి నియమము, విప్పకుండా చేయగలిగిన పనినంతా ముందు చేయడము. అలుగును తెరచి, పలకల మధ్య సన్నని గుడ్డపట్టీని నూనెలో తడిపి అటునిటు లాగితే లోపలి మురికి చాలవరకు వస్తుంది. ఇరుసు దగ్గరి తుప్పును దారముతోను, వెదురుపుల్లతోను తీయవచ్చును. ఇరుసు వద్ద ఒక చుక్క నూనె వేసి ఒకటి రెండు రోజులు ఆగి, అప్పుడు మెల్లగా తెరచి మూయవలెను. బిగుసుకొన్న కత్తిని బలముతో తెరవరాదు. ఎండిన కొమ్ముకు నూనె రాసి, గుడ్డలో చుట్టి కొన్ని దినాలు వదలివేస్తే కొంత జీవము వస్తుంది. ఇంతటితోనే పది కత్తులలో అనేకము వాడుకకు తగినంతగా తేరుకొంటాయి. పిడి మీది చిన్న గీతలు, మాసిన రంగు తీసివేయవలసిన దోషాలు కావు. అవి ఆ కత్తిని వాడిన చేతి గుర్తులు.

విప్పక తప్పదని నిశ్చయమైతే, ముందుగా పదార్థమేదో గుర్తించవలెను. భూతద్దముతో ప్రతి రంధ్రము చుట్టూ బీటలున్నవేమో చూడవలెను. సీలతలను పూర్తిగా అరగదీయవలెను; తరువాత సీల నడుమ సన్నని బర్మాతో కొంత లోతు తొలిస్తే ఉబ్బిన లోహము వదులవుతుంది. క్రింద రంధ్రమున్న కొయ్యదిమ్మ మీద, పలక అంతా ఆనేటట్లు పెట్టి, సీలను కొట్టక నొక్కి తోయవలెను. కదలకపోతే మరికొంత తొలవవలెను. దెబ్బ బరువు పెంచరాదు. తిరిగి బిగించేటప్పుడు చిన్న సుత్తితో అనేకమైన లఘువైన దెబ్బలు వేయవలెను. ప్రతి పది దెబ్బలకు ఒకసారి తెరచి మూసి చూడవలెను. ఇరుసు బిగువు చాలినదని తోచినప్పుడు చేయి ఆపవలెను. ఆ చివరిపనిని అలసిన రాత్రివేళ పెట్టుకొనక, మరునాటి ప్రొద్దుటికి ఉంచుకోవడము అన్నింటికంటె లాభకరమైన జాగ్రత్త. తొలిసారి చేసేవారు విలువలేని కత్తుల మీద, మామూలు కొమ్ముముక్కల మీద చేయి తిప్పుకొని, అప్పుడు తాతగారి కత్తి దగ్గరకు రావలెను.

అంత జాగ్రత్త తీసుకొన్నా విరిగితే? విరిగిన కొమ్మును నేటి గట్టి జిగురులతో అతికించవచ్చును. రంధ్రానికి దూరముగా ఉన్న చీలిక అయితే అతుకు నిలుస్తుంది. రంధ్రము దగ్గరిదయితే బిగువును భరించలేక మరల విడిపోయే అవకాశము ఎక్కువ. అప్పుడు క్రొత్త పిడి చేయక తప్పదు. గేదెకొమ్ము మనకు దొరుకుతుంది. రోజ్‌వుడ్, నల్లతుమ్మ వంటి గట్టి కలప దొరుకుతుంది. పాతదాని కొలతలు, వంపు, నడిమి ముక్క మందము తీసుకొని క్రొత్తది చెక్కవలెను. కాని పాత ముక్కలను పారవేయరాదు. సెల్యులాయిడ్ కానంతవరకు వాటిని చిన్న పొట్లములో కట్టి, ఏ కత్తివో వ్రాసి, కత్తితోబాటు ఉంచవలెను. కత్తి వయస్సును నిర్ణయించేవారికి అలుగు మీది ముద్ర ఎంత సాక్ష్యమో, పిడి రూపము, సీలల సంఖ్య, నడిమి ముక్క సీసముదా కొమ్ముదా అన్నది కూడ అంత సాక్ష్యము.

ఒక ఆరోగ్య సూత్రము కూడ చెప్పవలసి ఉన్నది. పాత కత్తిని చర్మము మీద వాడదలచినవారు దానిని చక్కగా శుభ్రపరచి, స్పిరిటుతో తుడిచి, తమకొక్కరికే ఉంచుకోవలెను. కొమ్ము, దంతపు పిడులను మరుగునీళ్ళలో వేయరాదు, అవి వంకరపోతాయి. వాడిన తరువాత అలుగును, ఇరుసును పొడిగుడ్డతో తుడిచి, కొంతసేపు తెరచి ఆరనిచ్చి, అప్పుడు మూయవలెను. మన సముద్రతీర జిల్లాలలో గాలికే తుప్పు పడుతుంది కనుక, వానకాలములో ఒక చుక్క నూనె మరువరాదు.

ఈ వ్యాసంగములో విసుగు ఉన్నది, నష్టము ఉన్నది. అయినా దానిని వదలనివారు చాలమంది. చెడినదానిని పారవేసి క్రొత్తది కొనడము సులభమైన కాలములో, చెడినదాని నిర్మాణమేమిటో, చేసినవాడు ఎందుకు అట్లా చేసినాడో తెలిసికొనే అవకాశము ఇటువంటి పనులలో లభిస్తుంది. మీ ఇంట అటువంటి కత్తి ఉంటే ఈ ఆదివారము వెలుగులోనికి తీసి చూడండి. అలుగు మీద పేరు చదవండి. తరువాత పిడిని చూడండి. అది కొమ్మా, దంతమా, సెల్యులాయిడా, సీలలు రెండా మూడా, బీటలున్నవా అని పరీక్షించండి. సెల్యులాయిడు కాకపోతే, ఒక చుక్క నూనె వేసి, మెత్తని గుడ్డతో తుడిచి, సుత్తిని మాత్రము పెట్టెలోనే ఉంచండి.